నిలిచిన బండి నడవాలంటే

శీర్షిక: యంత్రమిత్ర

వాడకం వల్ల యంత్రం అరుగుతుందని అందరికీ తెలుసు. వాడకపోవడం వల్ల అంతకంటె వేగంగా పాడవుతుందన్న సంగతిని మాత్రం చాలమంది గమనించరు. మన సంస్థ ఉద్యోగుల ఇళ్లలో ఈ విషయానికి ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉన్నది. బదిలీపై దూర ప్రాంతానికి వెళ్లేటప్పుడు మోటారు సైకిలును స్వగ్రామంలోనో, బంధువుల ఇంట్లోనో వదలి వెళ్లడం మనకు అలవాటు. పదవీ విరమణ తరువాత కొందరి బండి వసారాలో దుమ్ము కప్పుకొని ఉండిపోతుంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు దేశమంతటా ఎన్నో బండ్లు ఒకేసారి నిలిచిపోయాయి. వాటిలో కొన్ని నెలలకు కదిలాయి, కొన్ని సంవత్సరాలు గడిచినా కదలలేదు. అటువంటి బండిని మళ్లీ రోడ్డు మీదికి తెచ్చే పద్ధతిని ఈ సంచికలో వివరంగా పరిశీలిద్దాం.

వడోద్‌లో జరిగిన సంఘటన

గుజరాత్‌లోని సూరత్ నగరానికి దక్షిణాన, పాండేసర పారిశ్రామిక వాడకు సమీపంలో వడోద్ ఉన్నది. ఒకనాటి ఈ గ్రామం నేడు నగరంలో కలిసిపోయింది. సూరత్ మరమగ్గాల పరిశ్రమను నమ్ముకొని తెలంగాణ జిల్లాల నుండి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఆ నగరంలో తరాలుగా స్థిరపడి ఉన్నాయి. వడోద్‌లో నివసించే నా మిత్రులొకరు అటువంటి కుటుంబానికి చెందినవారే. మగ్గాల కార్ఖానాలో పని. 2005లో కొన్న 100 సి.సి. మోటారు సైకిలు వారికి ఉండేది. 2020 మే నెలలో కుటుంబంతో స్వస్థలానికి వెళుతూ దానిని రేకుల పంచలో నిలిపి వెళ్లారు. తరువాత తిరిగి వచ్చినా, కార్ఖానా నడిచిపోయేంత దూరమే కావడంతో బండి అవసరం రాలేదు. అది అక్కడే నాలుగేళ్లకు పైగా ఉండిపోయింది.

2024 దీపావళి తరువాత వారి కుమారునికి సచిన్ పారిశ్రామిక వాడలో ఉద్యోగం దొరికింది. అది షిఫ్టుల ఉద్యోగం. రాత్రి రెండవ షిఫ్టు ముగిసే వేళకు ఇల్లు చేరే సౌకర్యం లేదు. కొత్త బండి కొనాలంటే అప్పు చేయాలి. పాత బండి నడిస్తే ఉద్యోగం నిలుస్తుంది. ఇంటివారికి ఆ బండి ఎంత అవసరమో దీనిని బట్టి ఊహించవచ్చు.

ఒక యువ మెకానిక్కును పిలిపించారు. అతడు కార్బురేటరును పైపైన తుడిచి, కొత్త ప్లగ్గు బిగించి, సీసాతో తెచ్చిన పెట్రోలు పోసి, ఇరవై ముప్పై కిక్కులు కొట్టాడు. పొగ గుప్పున చిమ్మి ఇంజను మ్రోగింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. కుర్రవాడు వెంటనే ఎక్కి వీధి మొగ వరకు వెళ్లాడు. ఎదురుగా ఒక టెంపో మలుపు తిరిగింది. ముందు బ్రేకు పట్టగానే, తొడుగు లోపల తుప్పు పట్టి ఉన్న కేబులు తెగిపోయింది. వెనుక బ్రేకు తొక్కగానే, తేమకు అతుకు వదలిన లైనింగు షూ నుండి ఊడి డ్రమ్ములో ఇరుక్కున్నది. చక్రం బిగుసుకొని బండి జారి పడింది. టెంపో డ్రైవరు సమయానికి ఆపినందున మోచేయి చెక్కుకుపోవడంతో సరిపోయింది.

మరునాడు నేను వెళ్లినప్పుడు మిత్రులు, “ఇంజను మంచిగనే మోగింది గదన్నా, ఇట్లెందుకైంది?” అని అడిగారు. నేను సమాధానం చెప్పక, “నెల రోజులు ఆగిన మగ్గాన్ని మీరెట్లా మొదలు పెడతారు?” అని అడిగాను. “ముందుగాల చేత్తోని తిప్పి చూస్తం. నూనె పెడ్తం. బ్రేకు పడ్తదో లేదో చూస్తం. అటెన్కనే మోటరు ఏస్తం” అన్నారు. అని, తామే కొంతసేపు మౌనంగా ఉండిపోయారు.

చెప్పదలచిన ముఖ్య విషయం వారి మాటలోనే ఉన్నది. నిలిచిన బండిని నడిపించే పని ఇంజనుతో మొదలు కాకూడదు. బండి ఆగగలదని నిర్ధారించుకొన్న తరువాతనే అది కదలగలదా అన్న ప్రశ్నకు రావాలి. మ్రోగిన ఇంజను మనకు ఇచ్చే ధైర్యం చాలా ప్రమాదకరమైనది.

మొదటి మెట్టు: ఆపే భాగాలు

బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి రెండు చక్రాలనూ విప్పాలి. డ్రమ్ము బ్రేకులున్న బండిలో షూలను చేతిలోకి తీసుకొని లైనింగు అంచులను గోటితో కదిపి చూడాలి. ఏ కొంచెం కదిలినా ఆ షూలు పనికిరావు. లైనింగు గట్టిగా ఉండి పైభాగం అద్దంలా నునుపెక్కి ఉంటే గరుకు కాగితంతో రుద్దితే చాలు. డ్రమ్ము లోపలి తుప్పును కూడా అలాగే తొలగించాలి. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున ఆ ధూళిని నోటితో ఊదరాదు. తడిబట్టతో తుడవాలి. బ్రేకు కామ్ ఇరుసుకు పలుచగా గ్రీజు పూయాలి గాని, ఆ గ్రీజు లైనింగుకు ఏమాత్రం తగలకూడదు. డిస్కు బ్రేకు ఉన్న బండ్లలో బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది కనుక దానిని పూర్తిగా మార్చి, కాలిపరు పిస్టన్ స్వేచ్ఛగా కదులుతున్నదా అని చూడాలి.

కేబుళ్ల విషయంలో పొదుపు చూడరాదు. బ్రేకు, క్లచ్చి, యాక్సిలరేటరు కేబుళ్ల కొనలలో ఒక్క పోగు తెగి కనిపించినా, తొడుగు లోపల గరుకుగా తగిలినా మార్చవలసిందే. యాక్సిలరేటరును తిప్పి వదిలితే అది ఠక్కున వెనుకకు రావాలి. హ్యాండిలును పూర్తిగా కుడికి, ఎడమకు తిప్పినప్పుడు కూడా అలాగే రావాలి.

తరువాత టైర్లు. గాలి దిగిన టైరుపై నాలుగేళ్లు నిలిచిన బండి బరువంతా ఒకే చోట పడుతుంది. పక్క గోడలపై నెర్రెలు వస్తాయి. టైరు పక్కన అండాకారపు గడిలో నాలుగు అంకెలు ముద్రించి ఉంటాయి. మొదటి రెండు అంకెలు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. వడోద్ బండి వెనుక టైరుపై 3216 అని ఉన్నది. అంటే 2016వ సంవత్సరం ముప్పై రెండవ వారం. గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి. చూపుకు టైరు కొత్తదిగానే ఉన్నది. వేలితో వంచి చూడగా నెర్రెలు నోళ్లు తెరిచాయి. రెండు టైర్లనూ, ట్యూబులనూ మార్చవలసి వచ్చింది. చక్రాల బేరింగులు, హ్యాండిలు బేరింగులు గరకరలాడకుండా తిరుగుతున్నవో లేదో కూడా ఇప్పుడే చూసుకోవాలి.

రెండవ మెట్టు: ఇంధన మార్గం

పెట్రోలు నిలువ ఉండే వస్తువు కాదు. దానిలోని తేలికైన భాగాలు ఆవిరైపోతాయి. మిగిలినది గాలితో కలిసి బంకగా మారుతుంది. కార్బురేటరు అడుగున ఉండే ఫ్లోట్ గిన్నెలో ఇది మొదట జరుగుతుంది. అక్కడ నిలిచే పెట్రోలు పరిమాణం తక్కువ, ఆవిరయ్యే మార్గం తెరచి ఉంటుంది.

పెట్రోలులో ఇథనాల్ కలపడం వల్ల మరొక సమస్య వచ్చింది. ఇథనాల్ తేమను పీల్చుకొంటుంది. ఆ తేమ ఒక హద్దు దాటితే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుండి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇనుప ట్యాంకుకు తుప్పు అక్కడే మొదలవుతుంది. సముద్రానికి దగ్గరగా, వర్షకాలమంతా చెమ్మగా ఉండే సూరత్, విశాఖపట్నం వంటి ఊళ్లలో ఇది మరింత త్వరగా జరుగుతుంది. 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యాన్ని దేశం 2025లో చేరుకొన్నది. 2023 ఏప్రిల్ నుండి తయారైన వాహనాల భాగాలను ఈ ఇంధనానికి తట్టుకొనేలా రూపొందించారు. అంతకు పూర్వపు బండ్లలోని రబ్బరు గొట్టాలు, వాషర్లు కాలక్రమేణ ఉబ్బడం, పగలడం జరగవచ్చు. కాబట్టి పాత బండిని బయటికి తీసినప్పుడు పెట్రోలు గొట్టాన్ని, కాకు వాషర్లను మార్చడం వివేకం. వాటి ఖర్చు స్వల్పం. కారిన పెట్రోలు వేడి ఇంజనుపై పడితే జరిగే నష్టం స్వల్పం కాదు.

ట్యాంకును విప్పి పాత పెట్రోలును ఆరుబయట, నిప్పుకు దూరంగా డబ్బాలోకి వంచాలి. దగ్గరలో బీడీ, అగరువత్తి, పొయ్యి ఏదీ ఉండకూడదు. ఆ పెట్రోలును మురుగు కాలువలో పోయరాదు. లోపల పొరలు పొరలుగా తుప్పు ఉంటే గుప్పెడు చిన్న నట్లు వేసి బాగా కుదిపి, వంచి, లెక్క ప్రకారం అన్నింటినీ తిరిగి తీయాలి. పలుచని తుప్పుకు నిమ్మ ఉప్పు కలిపిన నీరు ఒక రాత్రి నిలువ ఉంచితే సరిపోతుంది. తరువాత వంటసోడా నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆలస్యం చేయక కొద్ది పెట్రోలుతో కడగాలి. తడి లోహం గంటలలోనే మళ్లీ తుప్పు పడుతుంది.

కార్బురేటరును ‘తుడవడం’ వేరు, ‘శుభ్రం చేయడం’ వేరు. దానిలో రెండు ఇత్తడి జెట్లు ఉంటాయి. పెద్దది వేగంలో పని చేస్తుంది. చిన్నది ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పని చేస్తుంది. చిన్న జెట్టు రంధ్రం వెంట్రుక దూరేంత సన్నంగా ఉంటుంది. బంక మొదట దానినే మూస్తుంది. ఆ స్థితిలో బండి చోక్ లాగితేనే మ్రోగుతుంది. చోక్ మూయగానే ఆగుతుంది. ఈ లక్షణం కనిపించినప్పుడు కొందరు ఐడిల్ స్క్రూను బిగించి వేగం పెంచి సరిపెడతారు. వడోద్ బండికి జరిగినది అదే. ఫలితంగా పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అయిన మిశ్రమంతో ఇంజను అతిగా వేడెక్కుతుంది. జెట్లను విప్పి, శుభ్రపరచే ద్రవంలో నానబెట్టి, గాలి పంపుతో ఊదాలి. ఉక్కు తీగతో పొడవరాదు. ఇత్తడి మెత్తనిది, రంధ్రం పెద్దదైతే జెట్టు పనికిరాదు. కాంతికెదురుగా పెట్టి చూసినప్పుడు రంధ్రం గుండ్రంగా వెలుగు చూపాలి.

మూడవ మెట్టు: ఇంజను

ఇప్పుడు ఇంజను దగ్గరికి రావచ్చు. అయినా కిక్కు కొట్టే సమయం ఇంకా రాలేదు. నాలుగేళ్లుగా సిలిండరు గోడ మీది నూనె పొర కిందికి జారిపోయి ఉంటుంది. పిస్టన్ రింగులు గోడకు అతుక్కొని ఉండవచ్చు. బలంగా కిక్కు కొడితే రింగు విరగవచ్చు, గోడ గీరుకుపోవచ్చు. ఒక్క స్పార్కు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో చెంచాడు ఇంజను ఆయిలు పోసి, ఒక రాత్రి వదిలేస్తే ఈ ప్రమాదం తప్పుతుంది. మరునాడు ప్లగ్గు లేకుండానే కిక్కు రాడ్డును చేత్తో మెల్లగా నొక్కాలి. కదలకపోతే మళ్లీ నూనె పోసి మరో రోజు ఆగాలి. ఎట్టి పరిస్థితిలోనూ బండిని గేరులో వేసి తోయరాదు.

ఇంజను స్వేచ్ఛగా తిరిగిన తరువాత పాత ఆయిలును పూర్తిగా దించాలి. అది మజ్జిగ రంగులో ఉంటే నీరు చేరినట్లే. 2006 ఆగస్టులో తాపీ వరద సూరత్ నగరంలో అధిక భాగాన్ని ముంచెత్తినప్పుడు నీట మునిగిన బండ్లలో ఈ రంగు ఆయిలే కనిపించేది. అటువంటి ఇంజనును ఒకటికి రెండుసార్లు కొత్త ఆయిలుతో కడగకుండా మ్రోగించరాదు. నీరు చేరని ఇంజనుకైనా పాత ఆయిలును ఉంచడం మంచిది కాదు. నిలువ ఆయిలులో తేమ, ఆమ్లాలు చేరి బేరింగులను తింటాయి.

ఎయిర్ ఫిల్టరు పెట్టెను తెరచి చూడడం మరచిపోవద్దు. ఎలుకలకు అది అనువైన నివాసం. వడోద్ బండి ఫిల్టరు పెట్టెలో గుడ్డ పేలికలు, నూలు పోగులు నిండి ఉన్నాయి. మగ్గాల ఊరి ఎలుకకు పరుపు కూడా నూలుతోనే! ఎలుక చేరిన చోట వైర్లను కూడా కొరికి ఉంటుంది. వైర్ల కట్టను హ్యాండిలు నుండి వెనుక దీపం వరకు చేత్తో తడిమి చూడాలి. సైలెన్సరు గొట్టంలో కందిరీగల మట్టిగూడు లేదని కూడా నిర్ధారించుకోవాలి.

బ్యాటరీ సంగతి సులువుగా తేలుతుంది. నాలుగేళ్లు ఛార్జి లేక పడి ఉన్న సీసపు బ్యాటరీ పలకలపై సల్ఫేటు గట్టిపడి ఉంటుంది. దానికి ప్రాణం పోసే ప్రయత్నం వృథా. పాతదానిని దుకాణదారునికే అప్పగించి కొత్తది తీసుకోవాలి. ఆనాటి 100 సి.సి. బండ్లు అనేకం బ్యాటరీ లేకుండానే కిక్కుకు మ్రోగుతాయి. అయితే హారను, ఇండికేటర్లు లేని బండిని రోడ్డు మీదికి తీసుకొని పోరాదు.

రెండు స్ట్రోకుల పాత బండ్లు, అంటే యెజ్డీ, యమహా ఆర్‌ఎక్స్ 100 వంటివి ఉన్నవారు మరొక విషయం గమనించాలి. దీర్ఘకాలం నిలిస్తే క్రాంకుకు రెండు వైపులా ఉండే రబ్బరు సీళ్లు ఎండిపోతాయి. వాటి గుండా గాలి లోనికి చేరితే ఇంజను అదుపు లేని వేగంతో తిరుగుతుంది. సీళ్లు మార్చడం అనుభవజ్ఞుడైన మెకానిక్కు చేయవలసిన పని.

నాల్గవ మెట్టు: మ్రోత, తరువాత పరీక్ష

కొత్త పెట్రోలు రెండు లీటర్లు చాలు. స్విచ్చి వేయకుండా పది పదిహేను కిక్కులు మెల్లగా కొడితే ఆయిలు పైభాగానికి చేరుతుంది. ట్యాపెట్ మూత విప్పి చూస్తే అది కంటికి కనిపిస్తుంది. తరువాత కొత్త ప్లగ్గు బిగించి, చోక్ లాగి, స్విచ్చి వేయాలి. మొదట వచ్చే పొగ మనం సిలిండరులో పోసిన నూనెదే. అది కొన్ని నిమిషాలలో తగ్గిపోవాలి. వేడెక్కిన తరువాత చోక్ పూర్తిగా మూసినప్పుడు బండి నిలకడగా, నెమ్మదిగా తిరగాలి. యాక్సిలరేటరును ఒక్కసారిగా తెరిస్తే దగ్గకుండా అందుకోవాలి. ఈ రెండూ జరిగితేనే బండి ‘బాగుపడినది’ అని అనవచ్చు.

మొదటిసారి గేరు వేసేటప్పుడు జాగ్రత్త అవసరం. నిలిచిన బండిలో క్లచ్చి పలకలు ఒకదానికొకటి అంటుకొని ఉంటాయి. క్లచ్చి పట్టినా బండి ముందుకు దూకవచ్చు. ఇంజను ఆపి, గేరులో ఉంచి, క్లచ్చి పట్టుకొని ముందుకూ వెనుకకూ ఊపితే అవి విడిపోతాయి. చైనును కిరోసినుతో కడిగి, ఆరిన తరువాత నూనె పెట్టాలి. బిగువుగా మడతపడ్డ లంకెలు ఉంటే చైనును, స్ప్రాకెట్లను కలిపే మార్చాలి.

తొలి ప్రయాణం ఖాళీ స్థలంలో, నడక వేగంలో జరగాలి. ముందు బ్రేకు ఒక్కటే, వెనుక బ్రేకు ఒక్కటే, ఆపైన రెండూ కలిపి, ఒక్కొక్కటి పదిసార్లు పట్టి చూడాలి. మొదటి వంద కిలోమీటర్లు ఇంటి చుట్టుపక్కలనే తిరగాలి. రోజూ నట్లు బిగించి చూడాలి. ఆపైన ఆయిలును మరొకసారి మార్చి, ట్యాపెట్ల సందు సరిచూసుకోవాలి.

కాగితాలు కూడా బండిలో భాగమే

ప్రైవేటు వాహనపు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తరువాత పరీక్ష చేయించి ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. వడోద్ బండి గడువు అది నిలిచి ఉన్న 2020లోనే ముగిసింది. మోటారు సైకిళ్ల పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ నుండి 300 రూపాయల నుండి 1000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 2000 రూపాయలు చేశారు. బీమా, కాలుష్య ధ్రువపత్రం లేకుండా వీధి మొగ వరకు కూడా నడపరాదు. ఆనాటి ప్రమాదంలో మరొకరికి గాయమై ఉంటే, బీమా లేని బండి ఆ కుటుంబాన్ని ఎంత అప్పులో ముంచేదో ఆలోచించండి. బదిలీపై వెళ్లేవారికి మరొక మాట: వాహనాన్ని వేరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ తిరిగి రిజిస్ట్రేషన్ చేయించుకోవలసి ఉంటుంది.

నిలిపేటప్పుడే చేయవలసినవి

ఇంత శ్రమ తప్పించే మార్గం బండిని నిలిపే రోజునే ఉన్నది. కొన్ని నెలలకైతే ట్యాంకు నిండా పెట్రోలు నింపి, కాకు మూసి, ఇంజను తానే ఆగేవరకు మ్రోగనిచ్చి కార్బురేటరును ఖాళీ చేయాలి. ఏడాదికి మించితే ట్యాంకును ఖాళీ చేసి, ఆరబెట్టి, లోపల నూనె పూయాలి. ఆయిలు మార్చి, బ్యాటరీ విప్పి, సెంటర్ స్టాండు వేసి, నూలు దుప్పటి కప్పాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే తేమ లోపలే ఉండి తుప్పును పెంచుతుంది. వారానికొకసారి రెండు నిమిషాలు మ్రోగించి ఆపడం వల్ల మేలు కంటె కీడే ఎక్కువ. చల్లని ఇంజనులో పుట్టిన తేమ ఆవిరి కాక ఆయిలులోనే మిగిలిపోతుంది.

వడోద్ బండికి టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, కేబుళ్లు, గొట్టాలు అన్నీ కలిపి అయిన ఖర్చు కొత్త బండి వెలలో పదో వంతుకు మించలేదు. పని మాత్రం మూడు ఆదివారాలు పట్టింది. ఆ కుర్రవాడు మొదటి వారమంతా పగటి షిఫ్టుకే దానిపై వెళ్లాడు. కాగితాలు వచ్చి, బ్రేకులపై నమ్మకం కుదిరిన తరువాతనే రాత్రి షిఫ్టుకు బయలుదేరాడు.

మీ ఇంటి వసారాలో ఒక బండి నిలిచి ఉంటే, వచ్చే ఆదివారం దాని కిక్కు జోలికి పోకండి. ఒక పానా తీసుకొని ముందు చక్రం విప్పండి. అందులో కనిపించినదాన్ని బట్టి ఆ బండికి ఎన్ని ఆదివారాలు కావాలో మీకే తెలుస్తుంది.